టైపు సార్ మానేసిన మాట

సోమవారం పొద్దున ఏడు గంటలకు నారాయణపేటలో మా టైపు సార్ చనిపోయారు. ఫజర్ నమాజు చేసుకుని ఇంటికి వచ్చి, చాయ్ సాసర్‌లో పోసుకుని కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. అదే రోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం జరిగింది.

నాకు ఫోన్ చేసింది మా చెల్లె. ఆమెకు చెప్పింది సార్ భార్య. ఆమెను మేము ఖాలా అంటాం. "మీ సార్ పోయిండ్రు బిడ్డా. కాలేజి ఇడిసిపెట్టినంకనే రా. సార్‌కు గట్లయితెనే ఇష్టం" అన్నదట. చెల్లె ఆ మాట వినలేదు. నేరుగా అక్కడికే పోయింది.

ఎనభైల్లో నారాయణపేట చౌరస్తా దగ్గర ఒక చీరల దుకాణం పైన సార్ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పదో తరగతి పాసైనవాళ్లు చాలామంది ఆ ఇరుకు మెట్లు ఎక్కి దిగినవాళ్లే. మాది నేతపని ఇల్లు. పగలంతా బాపు మగ్గం చప్పుడు. సాయంత్రం సార్ దగ్గర ఇంకో రకం చప్పుడు. నేను అక్కడ టైపు నేర్చుకున్నది ఉద్యోగం వస్తుందని. వచ్చింది విలేకరి పని.

సార్ వేళ్లు చూసేవారు కాదు, కాగితం చూసేవారు. పేజీ పూర్తయ్యాక దాన్ని కిటికీకి అడ్డం పట్టి వెలుతురులో చూసేవారు. 'ఓ' అక్షరం గట్టిగా కొడితే కాగితానికి గుండ్రటి చిల్లు పడుతుంది. ఆ చిల్లుల్లోంచి వెలుగు వస్తే పేజీ తిరిగి చేతికిచ్చేసేవారు. "కొట్టకు బేటా, తాకు. కాయితం నీకేమన్న పగోడా?" అనేవారు. తప్పు కొట్టిన అక్షరం కంటే చిల్లు పడ్డ కాగితం మీదే ఆయనకు కోపం ఎక్కువ.

తొంభైల నడుమకు వచ్చేసరికి మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. సార్ రెండు టైపు మిషన్లు అమ్మి ఒక పాత కంప్యూటర్ తెచ్చారు. హైదరాబాద్‌లో ఉన్న బంధువు ఒకాయన ఇంగ్లిష్ పత్రికతో పాటు వచ్చిన ఒక సీడీ ఇచ్చాడు. అది లినక్స్, కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. కొనక్కర్లేదు, ఎన్ని మిషన్లకైనా ఎక్కించుకోవచ్చు అని అట్ట మీద రాసి ఉంది. సార్ ఆ పత్రికను టైపు పాఠాల పుస్తకం చదివినట్టే చదివారు, మొదటి పేజీ నుంచి, ఏదీ వదలకుండా. ఆయన దాన్ని మొదటిసారి ఎక్కించిన రోజు నేను అక్కడే ఉన్నాను. తెరంతా నల్లగా ఉంది. ఒక మూలన చిన్న గీత మిణుకుమంటోంది. పాడైపోయిందన్నాను.

"పాడు గాలే. నువ్వేమంటవో అని చూస్తాంది" అన్నారు సార్.

ఆ రోజుల్లోనే మా చెల్లెకు ఊళ్లో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. కంప్యూటర్ ల్యాబ్ ఆమె చేతికిచ్చారు. అదే మొదటి బ్యాచ్. అందులో ఆడపిల్లలు చేరారంటే అది చెల్లె తిరిగిన తిరుగుడే. మాలాంటి సాలోళ్ల ఇళ్లకూ, పక్క గల్లీల్లో ముస్లింల ఇళ్లకూ ఇల్లిల్లూ పోయి అడిగింది. తండ్రులు ఫీజు గురించి అడగకముందే ఒక మాట అడిగేవారు. "పరీక్ష ఏడ రాసుడు?" జిల్లా కేంద్రం పాలమూరు దాకా బస్సులో పోయి, అక్కడ ఉండి రాయాలంటే పంపమని ముందే తేల్చి చెప్పేవారు. "పరీక్ష ఈడనే మామా. జిమ్మేదారి నాది" అని చెల్లె ప్రతి గడపలోనూ చెప్పింది. ఆ మాట మీదే పంపారు.

ఆ కాలేజీలో అసలు కంప్యూటర్ ఒక్కటే. మిగిలినవి దానికి తీగలతో కట్టిన తెరలు. పిల్లలు ఎక్కడ కూర్చుని ప్రోగ్రాం రాసినా అది పనిచేసేది ఆ పెద్ద మిషన్‌లోనే. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాక దాని హార్డ్ డిస్క్ పోయింది. కొత్త డిస్క్ వచ్చింది గానీ, అందులో ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేర్ పంపడానికి అమ్మినవాళ్లు నెల అడిగారు. చెల్లె టైపు సార్ దగ్గరికి పోయింది. ఆయన తన సీడీ పట్టుకుని వచ్చి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని లినక్స్ ఎక్కించారు. చెల్లెకు అది పూర్తిగా కొత్త. తెరలన్నీ వెలిగాయి. సీడీ మిషన్‌లోనే ఉంచి సార్ మర్నాడు పాలమూరు వెళ్లారు. అక్కడి దవాఖానలో ఖాలాకు ఆపరేషన్.

పరీక్షకు ముందు రోజు పొద్దున చెల్లె సి భాషలో చిన్న ప్రోగ్రాం రాసి చూసింది. నడవలేదు. రాసినదాన్ని మిషన్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఆ కంపైలరే అందులో లేదు. లినక్స్ ఎక్కించినప్పుడు జాగా తక్కువ పట్టే రకం ఎంచుకున్నారు, అందులో అది రాదు. మధ్యాహ్నం యూనివర్సిటీ నుంచి పరీక్షకుడు వచ్చి ల్యాబ్ చూడాలి. కంపైలర్ నడవకపోతే సెంటర్ పాలమూరుకు మారుతుంది.

నాకు ఫోన్ చేసింది. "అన్నా, జర రా. పేపర్ల రాసెతందుకు గాదు."

నేను పోయేసరికి ప్రిన్సిపాల్ గదిలో ఫోన్ మోగుతోంది. సారే. దవాఖాన ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి, అంతా సక్కగ ఉన్నదా అని అడగడానికి చేశారు. నేనే ఎత్తాను. విషయం చెప్పాను. "సీడీ లోపల్నే ఉన్నది గద. ఎక్కిద్దాం. బిడ్డను మిషన్ ముందట కూసోమను" అన్నారు.

ఫోన్ తీగ ప్రిన్సిపాల్ బల్ల దాటి రాదు. ల్యాబ్ వరండా చివర. అందుకని ఇట్లా కుదుర్చుకున్నాం. సార్ చెప్పింది నేను వింటాను. తలుపు దగ్గర నిలబడ్డ ప్రిన్సిపాల్‌కు చెప్తాను. ఆయన వృక్షశాస్త్రం సార్, గొంతు పెద్దది. ఆయన ల్యాబ్‌లోకి అరుస్తారు. ఒక్క అక్షరం మారినా మిషన్ ఒప్పుకోదు. ఫోన్‌లో 'ఎం' అంటే 'ఎన్' అనీ, 'పి' అంటే 'బి' అనీ వినపడుతుంది. నేను రోజూ వార్తలు ఫోన్‌లో చదివి చెప్పేవాణ్ని గనుక ఊళ్ల పేర్లతో చెప్పడం అలవాటు. సార్ 'ఆర్, పి, ఎం' అన్నారు. నేను "రాయచూరు, పాలమూరు, మక్తల్" అన్నాను. ప్రిన్సిపాల్ వరండా అదిరేలా "రాయచూరు, పాలమూరు, మక్తల్" అన్నారు. లోపలినుంచి చెల్లె "ఆఁ, మక్తల్" అంది.

"ఖాళీ. చిన్న గీత. ఇటిక్యాల, వికారాబాద్, హైదరాబాద్."

మొదట కొట్టినప్పుడే మిషన్ ఒప్పుకోలేదు. కంపైలర్ కంటే ముందు వేరే సాఫ్ట్‌వేర్ మూట, అంటే ప్యాకేజీ, కావాలంది. అది పెట్టబోతే దానికీ ఇంకొకటి కావాలంది. చెల్లె గొంతులో కంగారు వరండా దాటి నాదాకా వచ్చింది. సార్‌కు చెప్పాను.

"మీది మగ్గం ఇల్లే గద. ముందు పడుగు ఎక్కియ్యమను. పేక తర్వాత" అన్నారు.

ఆ మాట చెల్లెకు సరిగ్గా అందింది. ఏది ముందో ఏది వెనకో వరస పెట్టుకుంది. ప్యాకేజీల పేర్లు పొడుగ్గా ఉంటాయి, చివర అంకెలుంటాయి. ఆ పేర్లు తప్పు పోకుండా ఇంకో తెర తెరిచి, సీడీలో ఉన్న పేర్ల పట్టీ అక్కడ చూడమన్నారు సార్. ఒక తెర మీద ఎక్కుతుంటుంది, రెండో తెర మీద పట్టీ. అన్నిటికంటే పెద్ద ప్యాకేజీ ఎక్కడం మొదలయ్యాక, పట్టీతో ఇక పని లేదు గనుక సార్ అన్నారు.

"ఇగ గది బంద్ జెయ్యమను."

నేను అన్నాను, "ఇగ గది బంద్ జెయ్యమంటుండ్రు." ప్రిన్సిపాల్ అన్నారు, "ఇగ గది బంద్ జెయ్యాల్నంట." మూడు నోళ్లు దాటినా మాట మారలేదు. అర్థం మారింది. గది అంటే సార్‌కు ఆ పట్టీ, చెల్లెకు మిషన్. ఆ రోజుల్లో కంప్యూటర్‌లో ఏం ఎక్కించినా మిషన్ ఆర్పి మళ్లీ వెలిగించడం అలవాటు. మాలో కిటికీ మూసినా బందే, పని ఆపినా బందే, లైటు ఆర్పినా బందే. చెల్లె మిషన్ ముందు భాగంలో ఉన్న మీట నొక్కింది. తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి.

మళ్లీ వెలిగిస్తే మిషన్ లేవలేదు. ఫైళ్లు చెదిరిపోయాయి, మీరే సరిచేయండి అని ఇంగ్లిష్‌లో రాసి ఆగిపోయింది. చెల్లె చదివింది, ప్రిన్సిపాల్ తిరిగి చెప్పారు, నేను సార్‌కు చెప్పాను. బూత్‌లో వెనక నిలబడ్డ ఎవరో "అయిందా సాబ్?" అంటున్నది వినపడింది.

"ఆ పిల్లేమంటాంది?" అన్నారు సార్ చివరికి.

"ఏం అంటలేదు సార్. చేతులు ఒళ్లో పెట్టుకొని కూసున్నదంట."

"తప్పు ఆమెది గాదని చెప్పు. మాటది. గది చెప్పినంకనే మిగిలింది చెప్త."

ప్రిన్సిపాల్ దాన్ని కూడా అరిచే చెప్పారు. కాలేజీ అంతా విన్నది.

అప్పుడే దవాఖాన నుంచి ఎవరో బూత్ దగ్గరికి వచ్చినట్టున్నారు. ఖాలాను లోపలికి తీసుకుపోతున్నారు, సంతకం కావాలట. "ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యమను. ముట్టొద్దు. వస్త" అని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత ఫోన్ చాలాసేపు మోగలేదు. చెల్లె మిషన్ ముందునుంచి కదల్లేదు. మధ్యాహ్నం కరెంటు తీసే వేళ ఊరందరికీ తెలుసు. ప్రిన్సిపాల్ ఆ వేళ ఎంత దగ్గర పడిందో చెప్పకుండా గడియారం మాత్రం చూస్తున్నారు. ఒక దఫా నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "పాలమూరుకు ఎందరు పోతరంటవు?" పోయేవాళ్లలో ఆడపిల్లలు ఉండరని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ మోగింది.

"ఖాలా ఎట్లున్నరు సార్?"

"లోపట ఉన్నది. ఆడ నేను నిలబడితె డాక్టర్లకు అడ్డం. ఈడ జర పనికొస్త. చెప్పు, తెర మీద ఏమున్నది?"

ఆ తర్వాత సార్ చెప్పిన మొదటి సంగతి ఆ మాట గురించే. "ఇప్పటిసంది బంద్ అనే మాట మన నడుమ లేదు. తెరిచింది మూయమంటె, మూయి అంట. నడిచే పని నిలపమంటె, ఆపు అంట. కరెంటు తీయమంటె, ఆర్పు అంట. మూడూ ఆమెతోని ఒకసారి అనిపియ్యి."

ప్రిన్సిపాల్ అరిచారు. చెల్లె మూడూ అంది. మిషన్‌లో చెదిరిన ఫైళ్లను సరిచేసే ఆజ్ఞ అప్పుడు చెప్పారు. "ఫరూఖ్‌నగర్, షాద్‌నగర్, చింతకుంట, కోస్గి" అని ప్రిన్సిపాల్ అరుస్తుండగా పరీక్షకుడు సంచీ పట్టుకుని వరండా ఎక్కారు.

"ఇది కాలేజా, బస్టాండా?" అన్నారు.

"బస్సు ఏడ ఆగుతదో నాకూ తెల్వదు సార్. కూసోండి" అన్నారు ప్రిన్సిపాల్.

ఆయన కూర్చోలేదు. సంగతి విన్నారు. కటువుగా ఏమీ మాట్లాడలేదు. "కంపైలర్ నడిస్తే పరీక్ష ఇక్కడే. నడవకపోతే పాలమూరులో. ఇందులో నేను చేయగలిగింది లేదు" అని ల్యాబ్‌లోకి పోయి చెల్లె కుర్చీ వెనక నిలబడ్డారు.

మిషన్ ఒక్కో చెదిరిన ముక్క చూపించి, సరిచేయాలా అని అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ 'వై' కొట్టాలి. మేము దాన్ని యాద్గిర్ అన్నాం. చెల్లె చదవకుండా గబగబా కొట్టబోయింది. చప్పుడు తేడా ఎట్లా పట్టారో గానీ ప్రిన్సిపాల్ అది నాకు చెప్పారు, నేను సార్‌కు చెప్పాను.

"వద్దను. చదవాలె, చదివినంక కొట్టాలె. అడుగుతాందంటె మిషన్ బతికే ఉన్నది. అడుగుడు మానేస్తె గప్పుడు ఫికర్ జేద్దాం."

చెల్లె ప్రశ్న చదివింది. యాద్గిర్. ఇంకొకటి చదివింది. యాద్గిర్. ఎన్ని ప్రశ్నలో నేను లెక్కపెట్టలేదు. ఒకచోట ప్రశ్నలు ఆగాయి. ప్రిన్సిపాల్ తలుపు చట్రం పట్టుకుని ల్యాబ్ వైపు వంగారు. చెల్లె గొంతు వినపడింది. "లేచింది సార్."

సగంలో తెగిన ప్యాకేజీని మళ్లీ మొదటినుంచి ఎక్కించమన్నారు. తెర మీద చిన్న చిన్న గుర్తులు వరసగా పేరుకుంటూ చివరిదాకా పోయాయి. పొద్దున నడవని ప్రోగ్రాం నడిచింది. పరీక్షకుడు దాన్ని చెరిపించి తన సొంత ప్రోగ్రాం ఒకటి చెప్పి రాయించారు. అదీ నడిచింది. "రేపు పొద్దున కూడా ఇట్లనే నడవాలె. అప్పుడే సంతకం" అన్నారు.

నేను సార్‌కు చెప్పాను. ఆయన సంతోషపడే పని పెట్టుకోలేదు. "ఇప్పుడు ఆర్పమను. మీట తోని గాదు, ముందు ఆజ్ఞతోని. ఆగిన అని మిషనే చెప్తది. చెప్పినంక మీట." చెల్లె అట్లనే చేసింది. కాసేపటికే పంకా తిరగడం ఆగింది. కరెంటు పోయింది.

"మంచిది. ఇగ నేను ఆడికి పోత" అన్నారు సార్.

ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేశారు. ఖాలాకు తెలివి వచ్చిందనీ, నీళ్లు అడిగిందనీ చెప్పారు. మర్నాడు పొద్దున మిషన్ ఒక్కసారికే లేచింది. పరీక్షకుడు సంతకం పెట్టారు. పరీక్ష నారాయణపేటలోనే జరిగింది. పేరు ఇచ్చిన ఆడపిల్లలందరూ రాశారు. ఇద్దరు తండ్రులు గేటు దగ్గర చివరిదాకా నిలబడ్డారు. వాళ్లకు ముందు రోజు జరిగింది ఏమీ తెలియదు. చెల్లె చెప్పలేదు.

నేను ఆ సంగతి పేపర్లో రాయలేదు. రాయొద్దని ఎవరూ అడగలేదు గానీ, పరీక్ష జరగడం వార్త కాదు.

సార్ మాత్రం బంద్ అనే మాట మళ్లీ వాడలేదు. అంటే మొత్తానికే. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ సెంటర్‌గా మారింది. అక్కడ ఎవరైనా "సార్, బంద్ జెయ్యమంటరా?" అని అడిగితే, "మూయాల్నా, ఆపాల్నా, ఆర్పాల్నా?" అని తిరిగి అడిగేవారు. జవాబు సరిగా వచ్చేదాకా కదలనిచ్చేవారు కాదు. ఇంట్లో కూడా అదే. ఖాలా నవ్వేది. "నల్లా బంద్ జెయ్యి అని నేనంటె, నీళ్లు ఆపాల్నా అంటరు. ఆపుండ్రి మహానుభావా అంట." ఊళ్లో ఏదో పార్టీ బంద్‌కు పిలుపిస్తే ఆయన, "ఇయ్యాల దుకాండ్లు మూస్తరంట" అనేవారు. నేను ఎగతాళి చేశాను ఒకసారి. "పేపర్ల బంద్ అనే రాస్తం సార్."

"రాస్కో. నీ పేపర్ చదివినోడు మిషన్ ఆర్పడు గద" అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది ఇప్పుడు వేరే ఊళ్లలో ఉన్నారు. సోమవారం కొందరు వచ్చారు. ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తుంటే వాళ్లలో ఒకాయన ఫోన్‌లో తన ఆఫీసువాళ్లతో మాట్లాడుతున్నాడు. "లేదు, ఆర్పొద్దు. మూయండి చాలు" అన్నాడు. ఆయనకు ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో గుర్తుందో లేదో నేను అడగలేదు.

సార్‌కు పెద్ద మాటలు నచ్చవు. ఒకసారి ఆయన సన్మానానికి వార్త రాసి చూపిస్తే రెండు వాక్యాలు కొట్టేసి ఇచ్చారు. రెండింటిలోనూ విశేషణాలే ఉన్నాయి. అందుకే ఇక్కడ జరిగినవే రాశాను. ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. ఆపరేషన్ గది బయట నిలబడాల్సిన మనిషి, ఎదురుగా తెర లేకుండా, వెనక జనం తొందరపెడుతుంటే, ప్రతి అక్షరం అంత నిదానంగా ఎట్లా చెప్పగలిగారు. తర్వాతెప్పుడో ఖాలాను అడిగాను. "నన్ను లోపలికి తీస్కపోయేటప్పుడు ఆయన చేతులు వణికినయి. నాకెరుక" అంది. ఫోన్‌లో చేతులు కనపడవు.

రేపు, బుధవారం, ఫజర్ నమాజు తర్వాత సార్ ఇంటి దగ్గరి మసీదులో జియారత్, మూడో రోజు ప్రార్థనలు. అదే రోజు కాలేజీలో చివరి సంవత్సరం ప్రాక్టికల్స్ మొదలు. చెల్లె ఇప్పుడు కంప్యూటర్ విభాగానికి పెద్ద. ఒక రోజు వెనక్కి జరుపుదామని తోటివాళ్లు అడిగారు. జరపనంది. పిల్లలకు హాల్ టికెట్లు ఇచ్చేశారు. జియారత్ నుంచి ఆమె నేరుగా కాలేజీకి పోతుంది. ల్యాబ్ తాళం ఆమె దగ్గరే ఉంది. తొమ్మిదింటికి తలుపు తీస్తారు, పదింటికి పరీక్ష.